పీట్ లేని కంపోస్ట్‌కి మారాను, నారంతా పోతోంది. మీరు ఎలా నెట్టుకొస్తున్నారు?

లీడ్స్_లావణ్య

ఏడేళ్లుగా వంటింటి కిటికీ దగ్గర నారు పోసుకుని మే చివర్లో బయట నాటుకుంటున్నాను. టమాటా, మిరప, వంగ, గోంగూర, ఆనపకాయ. ఎప్పుడూ ఇలా కాలేదు. ఈసారి ఇక్కడ ఇంగ్లండ్‌లో మా దగ్గర షాపుల్లో, కుండీలు నింపే కంపోస్ట్ బస్తాల్లో పీట్ (చిత్తడి నేలల్లోంచి తవ్వి తీసే నల్లటి పదార్థం) ఉన్నది ఒక్కటీ కనపడలేదు, అన్నీ పీట్-ఫ్రీ. మంచిదే కదా అని మూడు బస్తాలు తెచ్చాను. విప్పితే పుల్లలు, బెరడు ముక్కలు, ఒకదాంట్లో నీలం ప్లాస్టిక్ ముక్క, గోరంత గాజు పెంకు. విత్తనాలు మొలిచాయి, అసలు ఆకులు రెండు వేశాక అక్కడే ఆగిపోయాయి. మిరప నారు పసుపెక్కింది. గోంగూర కాడ మట్టి దగ్గర దారంలా సన్నబడి వాలిపోతోంది. పైగా ఇల్లంతా చిన్న నల్ల దోమలు. రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాను, అయినా పైన ఎప్పుడు చూసినా ఎండిపోయే ఉంటోంది. ఎర్ర గోంగూర విత్తనం ఇంకో చెంచాడే మిగిలింది. ఏం చేయాలో చెప్పండి, నిజంగా ఏడుపొస్తోంది.

హౌన్స్‌లో_హైమ

నాకూ పోయిన ఏడాది ఇదే. వంగ నారు నలభై పోస్తే ఆరు బతికాయి. పాత బస్తాలే నయం.

పాతమట్టి

"రోజూ నీళ్లు పోస్తున్నాను" అన్నావు చూడమ్మా, సగం జబ్బు అక్కడే ఉంది. పీట్‌కి అలవాటైన చేయి అది. పీట్ ఎండితే పైన రంగు తేలుతుంది, కుండీ అంచు వదిలేస్తుంది, చూడగానే తెలుస్తుంది. ఇందులో చెక్క పీచు, బెరడు, కొబ్బరి పొట్టు ఉంటాయి. పైన అంగుళం గంటల్లో ఆరిపోతుంది, అడుగు మాత్రం బురదలా ఉంటుంది. ఇప్పుడే వెళ్లి ఒక కుండీ తీసి చేతిలోకి తీసుకో. బరువుగా ఉంటే నీళ్లు వద్దు. అనుమానంగా ఉంటే వేలు రెండో కణుపు దాకా గుచ్చు. పైన చూసి పోయొద్దు, అంతే.

కాడ సన్నబడి వాలడం నారుకుళ్లు తెగులు. తడి ఎక్కువై, గాలి ఆడక వస్తుంది. వాలినవి తిరిగి లేవవు, తీసేయి. నిలబడ్డవాటికి ఇక కింద పళ్లెంలో నీళ్లు పోసి, ఇరవై నిమిషాలయ్యాక మిగిలింది పారబొయ్యి. పైన పల్చగా ఇసుకో సన్న గులకో చల్లు, దోమలు గుడ్లు పెట్టడం తగ్గుతుంది. పసుపు జిగురు అట్టలు నాలుగు గుచ్చు.

లీడ్స్_లావణ్య

బాబాయ్ గారూ, ఇప్పుడే కుండీ ఎత్తి చూశాను. ఇటుకలా ఉంది. అడుగు కన్నంలోంచి నీళ్లు కారాయి.

గోంగూర_గార్డెన్

నీళ్లు ఎక్కువైన మాట నిజమే. కానీ అంతా నీళ్ల మీదే తోసేయకండి, రెండు సంగతులు వదిలేశారు.

ఒకటి ఆకలి. చెక్క పీచు ఇంకా పూర్తిగా చివికి ఉండదు. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ముందు నత్రజని తినేస్తాయి, మిగిలితేనే మొక్కకి. అందుకే కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. పీట్ బస్తాలో ఆరు వారాలు ఏమీ వేయకపోయినా నడిచేది. ఇందులో నాలుగో వారం నుంచే సగం డోసు ద్రవ ఎరువు మొదలుపెట్టాలి. నేను వారానికోసారి ఇస్తాను.

రెండోది కలుపు మందు. పీట్-ఫ్రీ బస్తాల్లో కొన్నిటికి తోటల చెత్త ఎరువు కలుపుతారు. లాన్ మీద కొట్టే మందుల్లో క్లోపైరాలిడ్ లాంటివి కంపోస్ట్ కుప్పలో వేడెక్కినా పూర్తిగా పోవు. టమాటా, చిక్కుడు జాతికి చాలా కొంచెం ఉన్నా చాలు, కొత్త ఆకులు కప్పులా ముడుచుకుని ఫెర్న్ చిగుళ్లలా మెలితిరుగుతాయి. లావణ్య గారూ, మీ టమాటా లేత ఆకులు ఎలా ఉన్నాయి?

లీడ్స్_లావణ్య

రెండు ట్రేల్లో బాగానే ఉన్నాయి, చిన్నగా ఉన్నాయంతే. ఒక ట్రేలో చిగుళ్లు మెలికలు తిరిగి ఉన్నాయి. అది చలికనుకున్నా.

గోంగూర_గార్డెన్

ఆ ట్రేలో వాడిన బస్తా పక్కన పెట్టండి. మూడు బస్తాల నుంచీ వేరువేరుగా మూడు కుండీలు నింపి, ఒక్కోదాంట్లో నాలుగు చిక్కుడు గింజలు పెట్టండి. మూడు వారాల్లో ఆకులే చెప్తాయి. కుండీల మీద పేర్లు రాయడం మర్చిపోకండి, నేను ఒకసారి రాయకుండా ఆ మూడు వారాలూ వృథా చేశాను.

చుక్కకూర

మా అత్తగారికి ఈ గొడవంతా చదివి వినిపిస్తే, "పీట లేని కంపోస్టా, మరి దేనిమీద కూర్చుని కలుపుతారే" అన్నారు 😄

మిద్దెతోట_మాధవి

హైదరాబాద్ నుంచి అడుగుతున్నా. మేము మేడ మీద కుండీలన్నిట్లో కోకోపీట్ వాడుతున్నాం కదా, అదీ మంచిది కాదా? ఈ థ్రెడ్ చదివి టెన్షన్ వచ్చింది.

రమణ_రీడింగ్

మాధవి గారూ, కోకోపీట్‌కీ పీట్‌కీ పేరు ఒక్కటే కలిసింది. కోకోపీట్ కొబ్బరి డొక్క పీకినప్పుడు రాలే పొట్టు. పీట్ అంటే చిత్తడి నేలల్లో నాచు, మొక్కలు నీళ్లలో సగమే కుళ్లి వేల ఏళ్లు పేరుకున్న పొర. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మీటరు లోతు తవ్వితే వెయ్యేళ్లు తవ్వినట్టే. భూమ్మీద నేలలో 3 శాతమే పీట్ నేలలు, కానీ ప్రపంచంలో అడవులన్నీ కలిసి చెట్లలో దాచిన దానికంటే ఎక్కువ కార్బన్ వాటిలో ఉంది. తవ్వి బస్తాల్లో నింపి మన కుండీలో పోయగానే గాలి తగిలి అది మెల్లగా కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. మీ దగ్గర నర్సరీల్లో 'పీట్ మాస్' పేరుతో బయటి దేశాల నుంచి వచ్చేది అమ్ముతారు చూడండి, అది అసలు పీట్. కోకోపీట్ కాదు.

ఇంకో తికమక మాట కంపోస్ట్. మన దగ్గర కంపోస్ట్ అంటే చివికిన ఎరువు. ఇక్కడ మల్టీపర్పస్ కంపోస్ట్ అంటే కుండీలో నింపే మిశ్రమం, అందులో ఎరువు బలం కొన్ని వారాలకే. కొత్తగా వచ్చినవాళ్లు 'కంపోస్ట్ వేశాం కదా' అని ఎరువు వేయడం మానేస్తారు. నేనూ మానేశాను మొదటి ఏడాది.

హౌన్స్‌లో_హైమ

రమణ గారూ, అదంతా సరే. పీట్ అమ్మకం నిషేధం, నిషేధం అని ఎన్నేళ్ల నుంచి వింటున్నాం? చట్టమే రాలేదు. మా దగ్గర ఒక చిన్న నర్సరీలో ఇంకా పీట్ బస్తా దొరుకుతోంది, చక్కగా మెత్తగా ఉంటుంది. నా పది కుండీల వల్ల ప్రపంచం మునిగిపోతుందా?

రమణ_రీడింగ్

చట్టం సంగతి మీరు చెప్పిందే నిజం. 2011లో ఇంటి తోటల వాళ్లకి 2020 నాటికి పీట్ ఆపేద్దామని స్వచ్ఛంద లక్ష్యం పెట్టారు, అందలేదు. 2022 ఆగస్టులో ఇంగ్లండ్‌లో 2024 నాటికి అమ్మకం నిషేధిస్తామని ప్రకటించారు. 2024 ఎన్నికలొచ్చాయి, చట్టం రాలేదు. కానీ చట్టం లేకుండానే మారినవాళ్లున్నారు. లండన్‌లోని పెద్ద వృక్ష ఉద్యానం క్యూ గార్డెన్స్ 1989 నుంచే దాదాపు పీట్ లేకుండా నడుస్తోంది. ఆర్‌హెచ్‌ఎస్ (రాయల్ హార్టికల్చరల్ సొసైటీ, ఇక్కడి తోటపని సంఘం) 2019లోనే పీట్ బస్తాలు అమ్మడం ఆపేసింది. అంత రకరకాల మొక్కలు పీట్ లేకుండా పెంచగలిగినప్పుడు, మన వంకాయ పెరగదా?

హౌన్స్‌లో_హైమ

క్యూ గార్డెన్స్‌కి జీతాలిచ్చి పెట్టుకున్న మనుషులున్నారు. నాకు ఇద్దరు పిల్లలు, రాత్రి డ్యూటీ ఉన్నాయి.

డబ్లిన్_డేవిడ్

హైమ గారూ, మీతో వాదించడానికి కాదు, చూసింది చెప్తాను. నేను ఐర్లాండ్‌లో పదకొండేళ్లుగా ఉన్నా. దేశం నడిమధ్య మిడ్‌ల్యాండ్స్ వైపు డ్రైవ్ చేస్తుంటే ఒకచోట రోడ్డు పక్కన పొలం ఉండాల్సిన చోట ఏమీ లేదు. కనుచూపు మేర కాఫీ పొడి రంగు నేల, గడ్డిపోచ లేదు, మధ్యమధ్యలో సరళరేఖల్లా కాలవలు. నేలలో నీళ్లు బయటికి పోవడానికి మొదట ఆ కాలవలు తవ్వుతారు, తర్వాత పైపొర గీకి ఆరబెట్టి ఎత్తుకెళ్తారు. కిందికి దిగి పిడికెడు తీసుకున్నా. పొడిగా, అసలు బరువే లేదు. అందులో ఒక పుల్ల, దాని మీద బెరడు ఇంకా తెల్లగా మెరుస్తోంది, బర్చ్ అనుకుంటా. పక్కనున్న మా పొరుగాయన "ఇది మీ రాముడి కాలం నాటిదేమో" అన్నాడు. ఎన్ని వేల ఏళ్లదో నాకు తెలియదు. చెత్తబుట్టలో వేయబుద్ధి కాలేదు, ఇప్పటికీ నా టేబుల్ మీద ఉంది.

ఇక్కడి ప్రభుత్వ పీట్ కంపెనీ బోర్డ్ నా మోనా 2021 జనవరిలో పీట్ తవ్వకం పూర్తిగా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. తరాలుగా ఆ పని చేసిన కుటుంబాలకి అదీ కష్టమే, అది కూడా చూశాను. కానీ కాలవలు మూసి నీళ్లు నిలబెట్టిన చోట మళ్లీ పచ్చటి నాచు వస్తోంది. ఆ స్ఫాగ్నం నాచు తన పొడి బరువుకి ఇరవై రెట్ల దాకా నీళ్లు పట్టుకుంటుంది. తవ్విన చోట అది లేదు.

హౌన్స్‌లో_హైమ

ఆ పుల్ల ఫోటో పెట్టండి డేవిడ్ గారూ.

చుక్కకూర

నాకూ కావాలి ఆ ఫోటో.

అమలాపురం_అబ్బాయి

మా ఇల్లు పీచు ఫ్యాక్టరీ పక్కనే, మా మేనమామ అందులో భాగస్తుడు. మీ బస్తాల్లో కొబ్బరి పొట్టు గురించి నాకు తెలిసింది చెప్తా.

కిలో పీచు తీస్తే సుమారు రెండు కిలోల పొట్టు పడుతుంది. నా చిన్నప్పుడు దాన్ని ఎవరూ అడిగేవాళ్లు కాదు. కాలవ గట్టు మీద తాటిచెట్టంత ఎత్తున గుట్టలు, వాన పడితే టీ డికాక్షన్ రంగు నీళ్లు చేలల్లోకి దిగేవి. ఒక్కోసారి నిప్పంటుకుంటే వారాల తరబడి పొగ. ఇప్పుడు అదే పొట్టు కడిగి, ఆరబెట్టి, ఇటుకలుగా నొక్కి ఎగుమతి చేస్తున్నారు. ఐదు కిలోల దిమ్మ నీళ్లలో వేస్తే అరవై, డెబ్భై లీటర్లవుతుంది. కాబట్టి ఓడలో అంత దూరం వస్తుంది కదా అని అడిగేవాళ్లకి ఒక మాట, వచ్చేది నొక్కిన సరుకు, తడి మట్టి కాదు.

కడగడం ముఖ్యం. సముద్రం దగ్గరి కొబ్బరిలో ఉప్పు ఉంటుంది. సోడియం, పొటాషియం ఎక్కువుంటే పొట్టు కాల్షియం, మెగ్నీషియం పట్టేసుకుని మొక్కకి ఇవ్వదు. మంచి కంపెనీలు కాల్షియం నైట్రేట్ నీళ్లలో నానబెట్టి మళ్లీ కడుగుతాయి, దాన్ని బఫర్ చేసిన కోయర్ అంటారు (కోయర్ అంటే ఈ కొబ్బరి పొట్టే). చవక దిమ్మ కొంటే మీరే రెండు మూడు నీళ్లు మార్చి కడగండి. కడిగిన నీళ్లు కాఫీ రంగు పోయి పల్చబడే దాకా.

మిద్దెతోట_మాధవి

పోయిన వేసవిలో నా టమాటా కాయలన్నీ కింద నల్లగా మచ్చ పడ్డాయి. కడగకుండా నేరుగా నానబెట్టి వేశాను. ఇదేనా కారణం?

అమలాపురం_అబ్బాయి

అక్కా, అది కాల్షియం అందక వచ్చే మచ్చ. పొట్టు ఒక కారణం అయుండొచ్చు, మే ఎండలో ఒకరోజు ఎండి ఒకరోజు తడిసినా అలాగే వస్తుంది. మీరు సగానికి సగం కోకోపీట్ వేస్తే మాత్రం ఎక్కువ. మా వైపు అయితే ఎర్రమట్టి, గెత్తం రెండూ ఉండాల్సిందే, పొట్టు మూడోవాడు.

మిద్దెతోట_మాధవి

మేం పెంట అంటాం దాన్ని. శ్లాబు మీద బరువని మట్టి తగ్గించాను, అక్కడ తప్పయింది. ఈసారి మట్టి రెండు పాళ్లు, చివికిన పెంట ఒక పాలు, పొట్టు ఒక పాలు, గుప్పెడు వేపపిండి. చూస్తా.

రమణ_రీడింగ్

అమలాపురం అబ్బాయి, నీళ్ల సంగతి మాత్రం ఒప్పుకోవాలి. అంత కడగడానికి మంచి నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి, కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? ఇక్కడ పీట్ నేల కాపాడి అక్కడ కాలవ పాడుచేస్తే నాకు నచ్చదు.

అమలాపురం_అబ్బాయి

సరైన ప్రశ్న అన్నా. గోదావరి కాలవల కింద మాకు నీళ్ల కరువు తక్కువ, కానీ కడిగిన నీళ్లు శుద్ధి చేయకుండా వదిలేవాళ్లు ఉన్నారు, లేరనను. మీ దగ్గర కొనేవాళ్లు "ఎక్కడి కోయర్, ఎలా కడిగారు" అని అడగడం మొదలుపెడితే ఇక్కడ మారతారు. మా మామయ్య మాట ఇది, కొనేవాడు అడిగిన రోజే తొట్టి కట్టాడట.

పాతమట్టి

అందుకే నేను కొనడం తగ్గించాను. నా అలాట్‌మెంట్‌లో (కూరగాయలు పెంచుకోవడానికి అద్దెకి తీసుకున్న చిన్న చెక్కలో) మూడు కుప్పలున్నాయి. నవంబర్‌లో రాలిన ఆకులు ఇనప వల చుట్టి వదిలేస్తా, రెండేళ్లకి నల్లగా, చేత్తో నలిపితే పొడయ్యే ఆకు ఎరువు అవుతుంది. బస్తా కంపోస్ట్ రెండు పాళ్లు, జల్లించిన ఆకు ఎరువు ఒక పాలు, కాస్త ఇసుక. నారుకి ఇదే. దాంట్లో బలం ఎక్కువుండదు, నారుకి బలం అక్కర్లేదు, పట్టు కావాలి. నాటేటప్పుడు మాత్రం బలం.

బస్తా కొనేటప్పుడు తేదీ ఉంటే చూడండి, పోయిన ఏడాది బస్తా కొనకండి. ఎండలో, వానలో బయట పడేసినవి అసలే వద్దు. చిల్లు కన్నాల దగ్గర మొలకలు కనపడితే అది పాతది. పీట్ బస్తా రెండేళ్లు దాచినా ఏమీ కాదు, ఇవి లోపల చివుకుతూనే ఉంటాయి, గుణం మారిపోతుంది. వసంతంలో కొని అదే వసంతంలో వాడేయండి.

హౌన్స్‌లో_హైమ

నాకు అలాట్‌మెంట్ లేదు, రెండేళ్లు ఆగే ఓపికా లేదు. ఫ్లాట్ బాల్కనీ. నాలాంటి వాళ్లకి ఏంటి దారి?

గోంగూర_గార్డెన్

నేనూ ఫ్లాటే. చౌక మల్టీపర్పస్ బస్తా మూడు కొనే డబ్బుతో ఒక మంచి విత్తనాల కంపోస్ట్ చిన్న బస్తా, ఒక మంచి పెద్ద బస్తా కొంటాను. విత్తనాల బస్తాలో ముక్కలు సన్నగా ఉంటాయి. ఉత్తర ఇంగ్లండ్‌లో లేక్ డిస్ట్రిక్ట్ వైపు గొర్రె ఉన్ని, బ్రాకెన్ ఫెర్న్ కలిపి చేసేది ఒకటుంది, ఖరీదు ఎక్కువే కానీ నీళ్లు పట్టుకుంటుంది, బలం ఎక్కువ రోజులుంటుంది. ఆనపకాయకి అదే వేశాను, ఆగస్టు దాకా విడిగా ఏమీ ఇవ్వలేదు. ముతకగా ఉంటే వంటింటి పాత జల్లెడ ఒకటి దీనికి కేటాయించండి. పైన మిగిలిన పుల్లలు పెద్ద కుండీ అడుక్కి.

లీడ్స్_లావణ్య

చిక్కుళ్ల సంగతి చెప్పడానికి వచ్చాను, మూడు వారాలైంది. ఒకటి, మూడు నంబర్ల కుండీల్లో ఆకులు అరచేయంత, నున్నగా. రెండో కుండీలో నాలుగు గింజలూ మొలిచాయి, ఆకులు మాత్రం నలిపిన కాగితంలా, కాడలు మెలితిరిగి పక్కకి. నాలుగు మొక్కలకీ అదే. పక్కపక్కన పెడితే నమ్మలేనంత తేడా. నీలం ప్లాస్టిక్ ముక్క దొరికిన బస్తా అదే. అమ్మినవాళ్లకి ఫోటోలు పంపాను, డబ్బులు తిరిగిచ్చారు.

నీళ్లు రోజూ ఆపేశాను. కుండీ ఎత్తి చూసి, నాలుగు రోజులకోసారి. దోమలు చాలా తగ్గాయి. మిరపకి రెండుసార్లు సగం డోసు ఇచ్చాక కొత్త ఆకు పచ్చగా వచ్చింది. పాత ఆకులు పసుపుగానే ఉన్నాయి.

పాతమట్టి

పాతవి అలాగే ఉంటాయి, కొత్త ఆకునే చూడు. నేను నీళ్లొక్కటే అన్నాను, గింజల పరీక్ష నాకు తట్టలేదు. ఈ ఏడు నేనూ పెడతాను.

గోంగూర_గార్డెన్

ఆ రెండో బస్తా మిశ్రమం కూరగాయల దగ్గరికి తేకండి. పెరట్లో లాన్ ఉంటే పల్చగా చల్లేయండి, గడ్డికి ఏమీ కాదు. ఆ గడ్డి కోసింది మాత్రం కంపోస్ట్ కుప్పలో వేయొద్దు.

చుక్కకూర

గోంగూర ఏమైందో చెప్పలేదు!

లీడ్స్_లావణ్య

మొదట పోసింది అంతా పోయింది. మిగిలిన చెంచాడు జల్లించిన మూడో బస్తాలో పోశాను. పదకొండు నిలబడ్డాయి. కాడ ఎర్రగా, గట్టిగా ఉంది.

హౌన్స్‌లో_హైమ

నా కరివేపాకు సంగతి అడగాలి. ఈనెలు ఆకుపచ్చగా, మధ్యలో అంతా లేత పసుపు. పోయిన నెల పీట్-ఫ్రీలోకి మార్చాను (అవును, మార్చాను, పెద్దదానికి మాత్రమే. విత్తనాలకి పాత బస్తా అయ్యేదాకా అదే).

రమణ_రీడింగ్

అది ఇనుము అందకపోవడం. తోటల చెత్త ఎరువు కలిపినవాటిలో సున్నం గుణం ఎక్కువ, పైగా మీ లండన్ కుళాయి నీళ్లలో కూడా సున్నమే. లావణ్య గారి లీడ్స్ నీళ్లు మెత్తన, ఆవిడకి ఈ బాధ రాదు. ఎరికేషియస్ పీట్-ఫ్రీ అని విడిగా దొరుకుతుంది, సున్నం గిట్టని బ్లూబెర్రీల్లాంటి వాటికి వాడేది, అది మూడో వంతు కలపండి. ఇప్పటికి కీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకోగల ఇనుము) ఒక డోసు. బాల్కనీలో ఒక బకెట్ పెట్టి వాన నీళ్లు పట్టండి, కరివేపాకుకి అవే పోయండి.

హౌన్స్‌లో_హైమ

బకెట్ పెట్టాను. రేపు వాన ఉందట.